గురువారం వచ్చి ఏడ్చిపోయిన మనిషి

దయ్యాలు, గాలి సోకుడు, చేతబడి, ఇవేవీ నేను ఎన్నడు నమ్మలే. లాల్‌దర్వాజాల మా గల్లీల ఎవరికి జ్వరమొచ్చినా ముందు నిమ్మకాయ తిప్పి తర్వాత దవాఖానకు పోయేటోళ్ళు. నేను సీదా దవాఖానకే పోయేదాన్ని. సర్కారు ఆఫీసుల టైపిస్టును. కాయితం మీద ఉంటేనే నిజమని అలవాటైన మనిషిని. ఇప్పుడు నేను చెప్పేది ఇంకెవరన్న నాకు చెప్తే, నవ్వి ఊకుందును.

డెబ్బైల చివర్ల సంగతి. మా తమ్ముడు యాదగిరి కామెర్లతోని చనిపోయిండు. వానికి ఇరవై రెండేండ్లు. అమ్మ పోయినప్పుడు ఆరేండ్ల పోరడు, అప్పటి సంది నేనే పెంచిన. నా పెండ్లయినంక గూడ మాతోనే ఉండె. మా ఆయనకు వాడంటే పానం.

వాడు పోయినంక నేను మంచం దిగలే. తిండి లేదు, నిద్ర లేదు, తలకు నీళ్ళు లేవు. నాలుగేండ్ల బిడ్డ పద్మ ఆకలైతుందని కొంగు గుంజితే గోడ దిక్కు మళ్ళి పండుకున్న. మా ఆయన రెండు నెలలు చూసిండు. తర్వాత మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి తీస్కపోయిండు. ఆ డాక్టరు దగ్గరికి పోయినమని తెలిస్తే పిచ్చిదని పేరు వెడ్తరు. అందుకని రిక్షాకు పర్దా కట్టించిండు.

డాక్టరు మాత్రలిచ్చిండు. నోరు ఎండకపోయేది, చేతులు వణికేటివి. అయినా నెల తిరిగేసరికి లేచి కూసున్న, ఇంకో నెలకు ఆఫీసుకు పోయిన. ఆరు నెలలు మింగినంక, డాక్టరు చెప్పినట్టే కొద్దికొద్దిగ తగ్గించుకుంట ఆపేసిన. "ఇగ మంచిగైనవ్" అని అందరన్నరు.

మాత్రలు మింగినన్ని రోజులు లోపల దూది కుక్కినట్టు ఉండె. ఆపినంక ఆ దూది పోతదనుకున్న. పోలే. నెలయింది, మూడు నెలలైనయి. బాధ లేదు, సంతోషం గూడ లేదు. కూరల ఉప్పు ఎక్కువైందని తెలిసేది గని, కూర మంచిగున్నదో లేదో తెల్వకపోయేది.

ఒకనాడు పద్మ మెట్ల మీదికెల్లి పడి నుదురు పగిలింది. రక్తం తుడిచిన, ఎత్తుకపోయి కుట్లేయించిన. తల్లి చెయ్యవలసినవన్ని చేసిన. గుండె మాత్రం ఒక్కసారన్న దడ అనలే. పిల్లకు ఏం తెలిసిందో ఏమో, అప్పటి సంది దెబ్బ తాకితే ఏడ్సుకుంట వాళ్ళ బాపు దగ్గరికే ఉరికేది.

తమ్ముని సంవత్సరీకం నాడు ఇంట్ల అందరు ఏడ్చిండ్రు. నేను విస్తరాకులు తుడుసుకుంట నిలబడ్డ. మా మేనత్త నన్నే చూస్తున్నది.

"రాయివే నువ్వు," అన్నది.

దానికి గూడ నాకు కోపం రాలే. డాక్టరుకు చెప్పుకుంటే, "కొందరికి గిట్ల అయితదమ్మా. ఎప్పుడు పోతదో నేను చెప్పలేను" అన్నడు.

లాడ్ బజార్ వెనక గల్లీల ఖైరున్నిసా అని పెద్దామె లక్క గాజులు చేసేది. అందరం ఆపా, అంటే అక్కా, అని పిలుస్తుంటిమి. నా పెండ్లి గాజులు ఆమె చేతియే. చిన్నప్పుడు యాదగిరి ఆమె కుంపటి పక్కన కూసొని లక్క ముద్దలతోని బొమ్మలు చేసేటోడు. వాడు పోయినంక నేను ఆ గల్లీల అడుగు పెట్టలే. ఒక శనివారం పద్మ గాజులని లొల్లి చేస్తే తోల్కపోయిన.

నన్ను చూడంగనే ఆపా లేచి నిలబడ్డది. "ఎట్లున్నవ్ బేటీ? మొన్న నీ హాలత్ చూసినంక నాకు నిద్ర రాలే."

"మొన్న ఏంది ఆపా?"

"గురువారం. పగటి నమాజు అయిపోంగనే వచ్చినవ్ గద. గిక్కడనే కూసున్నవ్. మళ్ల నమాజుకు అజాన్ పిలుపు వినబడేదాక ఏడ్చినవ్. నీళ్ళిస్తే తాగలే."

ఇంకెవరినో చూసి నేననుకున్నవని చెప్పిన. ఆమె నా చెయ్యి పట్టుకున్నది.

"చిన్నపిల్లవున్నప్పటి సంది నీ చెయ్యి పట్టి గాజులు తొడిగిన. నిన్ను గుర్తు పట్టనా?"

"మరి ఏం చెప్పిన నేను?"

పద్మ వినకుండ గొంతు తగ్గించింది. "ఆ పొద్దుగాల నీ తమ్ముడు, 'అక్కా, ఇయ్యాల ఆఫీసుకు పోకు' అన్నడని. గంటల వస్తనని నువ్వు పోయినవని. వచ్చేసరికి..." అని ఆగింది.

ఆ మాట నిజం. ఆ పొద్దుగాల వాడు నాతోని అన్నది అదే. మా ఆయన డ్యూటీకి పోయిండు, పద్మ పక్కింట్ల ఆడుకుంటున్నది. ఇంట్ల మేమిద్దరమే. ఒక కాయితం అర్జంటని, పక్కింటామెను చూస్తుండమని చెప్పి నేను పోయిన. గంట అనుకున్నది పగలు దాటింది. నేను వచ్చేసరికి వాడు లేడు. వాడు పోవద్దన్న సంగతి నేను ఎవరికీ చెప్పలే. మా ఆయనకు చెప్పలే, డాక్టరుకు చెప్పలే.

సోమవారం ఆఫీసుల హాజరు రిజిస్టరు తీసి చూసిన. గురువారం పొద్దున, సాయంత్రం రెండు సంతకాలు నావే. ఆ పగటి పూట నేను టైపు చేసిన కాయితాల నకళ్ళు ఫైల్ల ఉన్నయి. పక్క సీటామెను అడిగితే, "ఆ దినం ఇద్దరం కలిసే తిన్నం గద, నీ చింతకాయ తొక్కు నేనే తిన్న" అన్నది.

ఇది విన్నోళ్ళు భయం కాలేదా అని అడుగుతరు. కాలే. భయమయ్యేంత మనిషిని కాను అప్పుడు. గని రిజిస్టరు మూసి దబ్బున బల్ల మీద ఏసిన. ఎందుకో ముందు తెల్వలే. అది కోపం. నా తమ్ముని కోసం నేను ఏడ్వాల్సిన ఏడుపు ఇంకెవరో ఏడ్చిపోయిండ్రని కోపం. ఏడాది దాటినంక నా లోపల కదిలిన మొదటిది అదే.

మళ్లొచ్చిన గురువారం సెలవు పెట్టి ఆపా దగ్గర కూసున్న. ఎవరన్న వస్తరేమో చూద్దామని. గాజులకు ఆడోళ్ళు వచ్చిండ్రు, పోయిండ్రు. నా అసొంటి మనిషి ఎవరు రాలే.

"ఆ దినం నేను ఇంకేం చెప్పిన ఆపా?" అని మళ్ల అడిగిన.

ఆమె కుంపటి మీదికెల్లి చెయ్యి తీసింది. "నన్నెందుకు అడుగుతవ్? నీ నోటితోని నువ్వు చెప్పు. నేను వింట."

చెప్పిన. కండ్ల నీళ్ళు రాలే, గొంతు వణకలే. అయినా చివరిదాక చెప్పిన. ఆపా మొదటిసారి వింటున్నట్టే విన్నది.

ఆ సాయంత్రమే మా ఆయనకు గూడ చెప్పిన. తిడ్తడనుకున్న. ఆయన బూట్లు విప్పుతున్నోడు అట్లనే ఆగిండు.

"నాతోని గూడ అన్నడే," అన్నడు. "'బావా, ఇయ్యాల డ్యూటీకి పోకు' అన్నడు. నేను గూడ పోయిన."

అన్ని నెలలు ఆయన ఆ మాట కడుపుల పెట్టుకొని నాకు అన్నం తినిపిచ్చిండు, దవాఖానల చుట్టు తిప్పిండు. ఆయన ముఖం మోకాళ్ళ మీద పెట్టుకొని ఏడుస్తుంటే వీపు మీద చెయ్యేసిన. ఆ వీపు వేడి నా చేతికి తెలిసింది. అంతకు ముందు ఏది ముట్టినా అట్ల తెలిసేది కాదు.

అంతటితోని అంతా మంచిగైందని చెప్పను. నేను మళ్ల నేనయ్యేసరికి ఇంకో రెండేండ్లు పట్టింది. పద్మ నా దగ్గరికి వచ్చి ఏడ్వనీకి ఇంకా ఎక్కువ కాలమే పట్టింది.

మా ఆయన ఆ గల్లీకి ఎన్నడు పోలే, ఆపాను చూడనే లేదు. ఆమె చనిపోయే ముందు ఏడాది మళ్ల అడిగిన, నిజంగ నన్నే చూసినవా అని. కోపానికొచ్చింది. "నా కండ్లు అప్పుడు మంచిగనే ఉండె" అన్నది. ఆమె ఉత్తగ అబద్ధమాడే మనిషి కాదు. ఆఫీసుల సంతకాలు పెట్టిన చెయ్యి గూడ నాదే. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. గని ఆ గురువారం ఆమె ముందట కూసొని నా తమ్ముని మాట చెప్పుకున్నది ఎవరో మాత్రం నాకు ఇయ్యాలటి దాక తెల్వదు.