నీళ్ళక్క భుజం

మామూలు రోజుల్లో ఆమె ఒక బట్టల కొట్టు మేడ మీద కూచుని ప్యాంట్ల అంచులు కుట్టేది. పోటీలున్న రోజుల్లో మాత్రం మెడలో కార్డు వేసుకుని స్టేడియానికి వెళ్ళేది. పరుగు ముగిసిన క్షణం నుంచి గెలిచిన అమ్మాయిని నీడలా అంటిపెట్టుకుని ఉండాలి. డోపింగ్ పరీక్షకు మూత్రం ఇచ్చేదాకా చూపు తిప్పకూడదు. ఒంట్లో నీరంతా చెమటగా పోసేసిన పిల్లలకు అదంత తేలిగ్గా రాదు. సీలు తీయని నీళ్ళ సీసాలు అందిస్తూ కూచునేది కనక అందరికీ ఆమె నీళ్ళక్క అయింది.

"మా ఆవిడ ఓపికకి జీతమిస్తున్నారు" అనేవాడు మొగుడు.

"నీతో కాపురానికి ఎవరూ ఇవ్వట్లేదుగా!" అనేది.

ఒక సాయంత్రం, పెద్ద పరుగు గెలిచిన పొడుగుపిల్ల పరీక్ష గదిలో గోడకు చేరగిలబడి కూచుంది. లేత నీలం గోడలు. కిటికీ అవతల జనం కేకలు అల వెనక్కి పోతున్నట్టు సన్నగిల్లుతున్నాయి. పిల్ల నీళ్ళు తాగుతుంది, రావట్లేదంటుంది, మళ్ళీ తాగుతుంది.

"తొందరేం లేదమ్మా. కాసేపు కళ్ళు మూసుకో."

పిల్ల తల మెల్లగా ఆమె భుజం మీద వాలింది. ఆ ఊపిరి వింటూ ఉంటే నీళ్ళక్కకు గది మొత్తం పడవలా కదులుతున్నట్టు అనిపించింది. మెలకువ వచ్చాక పిల్ల లేచి పరీక్షకు వెళ్ళింది.

కొద్దిరోజులకు, మందు వాడినట్టు తేలింది. పతకం పోయింది. లోకమంతా దుమ్మెత్తిపోసింది. నీళ్ళక్కకు ఆ రోజు ముద్ద దిగలేదు.

ఏళ్ళు గడిచాక డోపింగ్ మీద తీసిన డాక్యుమెంటరీ ఒకటి టీవీలో వచ్చింది. అందులో ఆ పొడుగుపిల్ల, కాస్త ఒళ్ళు చేసి, నెమ్మదిగా మాట్లాడుతోంది.

"విటమిన్లని చెప్పి కోచ్ సూదులు వేసేవాడు. ఏంటవి అని అడగడం నేనే మానేశాను. ఆ రోజు దొరికిపోతానని తెలుసు. భయంతో నీళ్ళు తాగుతూ కూచున్నా. పక్కనున్న అక్క భుజమిచ్చింది. ఆ ఏడాదంతటికీ నేను హాయిగా నిద్రపోయింది అప్పుడే. లేచాక, దొరికితే దొరికాన్లే అనిపించింది."

మొగుడు పెళ్ళాం వైపు తిరిగాడు. "నీ గురించేనా?"

ఆమె కళ్ళు తుడుచుకుంటోంది.

సినిమా తీసినవాళ్ళను అడిగి నంబరు సంపాదించి ఫోన్ చేసింది. "నేనమ్మా, నీళ్ళక్కని."

"అక్కా!" అవతలి గొంతు వెంటనే గుర్తుపట్టింది. "ఇప్పుడు పిల్లలకి పరుగు నేర్పుతున్నాను. ఆదివారం పొద్దున్నే రండక్కా, మైదానానికి" అంది.

వెళ్ళింది. మంచులో పిల్లలు మసకమసకగా పరిగెడుతున్నారు. పొడుగుపిల్ల ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఒక్క చుట్టు నడుద్దాం రండి."

చెప్పులు గట్టు మీద వదిలేసి, ఇద్దరూ తడిగడ్డి మీద మంచులోకి నడిచారు.