మంచాలున్నాయని చెప్పిన గొంతు

జ్వరాలొచ్చిన ఏడాది ప్రభుత్వాన్ని నడిపింది మా తాతయ్యే. మంత్రులు ఉత్తుత్తి మనుషులు. ఆయన ఒక్క కేక వేస్తే ఊళ్లో దుకాణాలన్నీ మూతపడేవి, ఇంకో కేక వేస్తే తెరుచుకునేవి. కాకపోతే ఆ కేకకు మునిసిపాలిటీ వ్యాను, మైకు, ఆఫీసరు ఇచ్చిన కాగితం కావాలి. ఇంట్లో మాత్రం "మెల్లగా మాట్లాడు, ఇదేమన్నా వ్యానా?" అని నానమ్మ కసిరితే కిక్కురుమనేవాడు కాదు.

కళ్లారా చూడనిది మైకులో చెప్పకూడదని ఆయనకు పట్టింపు. వంతెన మూసేశారని చెప్పాలంటే ముందు వ్యాను అటు తిప్పించి, అడ్డం పెట్టిన కర్రలు చూసొచ్చాకే నోరు విప్పేవాడు. డ్రైవరు తల బాదుకునేవాడు.

జ్వరాలు మొదలయ్యాక అది సాగలేదు. పొద్దున ఒక ఉత్తర్వు, మధ్యాహ్నానికి దాన్ని కొట్టేస్తూ ఇంకొకటి. "పెద్దాయనా, ఇవాళ ఊపిరి పీల్చుకోవచ్చా, రేపటిదాకా ఆగాలా?" అని జనం కిటికీల్లోంచి ఎగతాళి చేసేవారు.

ఒకరోజు ఆఫీసరు కొత్త కాగితం ఇచ్చాడు. జ్వరమొచ్చినవాళ్లు గోడౌనులో పెట్టిన శిబిరానికి రావాలి, అక్కడ మంచాలున్నాయి, డాక్టర్లున్నారు.

"ఒకసారి చూసొస్తానండీ" అన్నాడు తాతయ్య.

"చూడ్డానికి అదేమన్నా పెళ్లి సంబంధమా? ఊరంతా వినాలి, కదలండి."

తాతయ్య చదివాడు. ఆ మాట అందరికంటే ముందు నానమ్మే నమ్మింది. అప్పటికే ఆమె ఒళ్లు కాలిపోతోంది.

"ఇంట్లోనే ఉండరాదూ?" అన్నాడు తాతయ్య.

"మంచాలున్నాయని నువ్వేగా చెప్పావు. చూడకుండా చెప్పే మనిషివా నువ్వు?" అంటూ నానమ్మ చెప్పులేసుకుంది.

తాతయ్య తలుపు తీసి పట్టుకున్నాడు.

తాతయ్య వెళ్లి చూసేసరికి గోడౌనులో మంచాల్లేవు. సిమెంటు నేల, మూలుగులు, నీళ్ల డ్రమ్ము దగ్గర తోపులాట. ఉన్న ఒక్క డాక్టరూ జ్వరంతో గోడకు చేరగిలబడ్డాడు. నానమ్మ ఆ నేలమీదే పోయింది.

ఇంట్లో కళ్లు ఆరకముందే ఆఫీసరు మళ్లీ అదే కాగితం చేతిలో పెట్టాడు. తాతయ్య దాన్ని మడిచి జేబులో పెట్టుకుని మైకు తీసుకున్నాడు. "మంచాల్లేవు. నేను చూశాను. దుప్పటీ నీళ్లూ తెచ్చుకోండి, తోడు మనిషిని తెచ్చుకోండి."

వీధి చివరికి చేరేలోగా మైకు లాక్కున్నారు, ఉద్యోగం ఊడింది. జనం మొదటి మాట ఒక్కటే చెవిన వేసుకున్నారు. రోగుల్ని లోపల దాచి తలుపులు బిగించుకున్నారు. మా సందులో ఇళ్లకు ఇళ్లే మంచాన పడ్డాయి. కొన్ని తలుపులు మళ్లీ తెరుచుకోలేదు.

మొన్న ఆయన పక్కన చేరి, "నిన్ను వీరుడని రాస్తున్నా తాతయ్యా, ఫొటోకి మీసం దువ్వుకో" అన్నాను.

"వీరుడేంట్రా వెధవా? 'చూడలేదే' అని ఒక్క మాట అనలేక మీ నానమ్మని పంపించాను. అది రాయి."