బావ కడిగిన పొలం

విజయనగరంలో మట్టి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. రోజూ ఎవరెవరివో మట్టి సంచులు విప్పి, జల్లించి, ఫలితం రాసిస్తాను. ఊరందరికీ సలహాలు చెప్పేదాన్ని, మా అక్కవాళ్ల పొలానికి మాత్రం తప్పు చెప్పాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అక్కను ఇచ్చింది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊరికి. వాళ్లకున్నది ఎకరమే, అదీ బంకమట్టి నేల. ఆ ఎకరం పండకపోతే తిండిగింజలు కొనుక్కోవాలి. ఒక తుఫానుకి సముద్రం ఉప్పుటేరులోంచి ఎగదన్ని, పొలంలో నాలుగు రోజులు నిలిచిపోయింది.

బావ ఫోన్ చేసి, "ఏటి సెయ్యమంటావే?" అన్నాడు.

"కాలవ నీళ్లు పెట్టి తీసెయ్యి బావా. నాలుగుసార్లు కడిగితే ఉప్పు పోతాది" అన్నాను.

అటువైపు పాత అలవాటొకటుంది. పొలం కడిగాక చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, చప్పగా ఉంటే ఉభాలకు, అంటే వరినాట్లకు, దిగుతారు. బావ అదే చేసి, "సప్పగానే ఉన్నాది" అన్నాడు.

"సుట్టలు కాల్సి నీ నాలిక సచ్చిపోయినాది గానీ, మట్టి పట్టుకురా" అని వేళాకోళమాడాను.

సంచితో వచ్చాడు. ఇంటివాళ్ల మట్టే కదా అని ఫారం రాయలేదు, వరసలో పెట్టలేదు. భోజనాల వేళ గ్లాసు నీళ్లలో కలిపి ఉప్పు కొలిచే మీటరు ముంచాను. ఉప్పు దాదాపు లేదు. "నీ నాలిక బాగానే ఉన్నాది బావా, ఉభాలు సేసుకో" అన్నాను. సోడియం పరీక్ష విడిగా చేయాలి, దానికి ఇంకో పూట పడుతుంది. చేయలేదు.

ఆ మీటరుకు దొరికేది నీటిలో కరిగిన ఉప్పే. బంకమట్టి రేణువులు సోడియంను ఒంటికి అంటిపెట్టుకుని ఉంచేస్తాయి. బస్సులో తువ్వాలేసి పట్టుకున్న సీటులాంటిది అది, ఊరికే ఖాళీ కాదు. కాల్షియం వచ్చి ఆ చోటు లాక్కుంటేనే సోడియం నీళ్లతో పోతుంది. అందుకే కాల్షియం ఉన్న జిప్సం చల్లి కడగాలి. ఉత్త నీళ్లతో కడిగితే, మట్టిని గుల్లగా ఉంచిన ఉప్పు పోయి సోడియం మిగులుతుంది. మట్టి విడిపోయి సందులన్నీ పూడుకుపోతాయి. ఇదంతా నేను రాసి పాసైన పాఠమే.

నాట్లు పడ్డాయి. నీళ్లు ఇంకలేదు, వేళ్లు దిగలేదు, ఆకులు కొసల నుంచి మాడిపోయాయి. నీళ్లు తీసేస్తే పొలం గచ్చులా బిగిసింది. అప్పుడు పరుగెత్తుకెళ్లి మట్టి తెచ్చి సోడియం చూశాను. మట్టి నిండా అదే. జిప్సం వెయ్యమన్నాను, వేశారు. నీళ్లు కిందికి దిగితే కదా, వేసింది పైపైనే ఉండిపోయింది. రెండేళ్లు చూసి బావ ఆ ఎకరాన్ని రొయ్యల చెరువుకి ఇచ్చేశాడు.

తవ్వడానికి పొక్లెయిన్ వచ్చిన రోజు నేనూ వెళ్లాను. గట్టు మీద అక్క నా మొహం చూడకుండానే, "కడగమన్నాది నువ్వే గదే" అంది.

బావ అక్కను కసురుకున్నాడు. "ఊరుకోవే. దానికేటి తెలుసు పాపం. తెలిస్తే సెప్పదా?"

నాకు తెలుసు. ఆ మాట బావతో ఆ రోజు అనలేదు. ఇప్పటికీ చెప్పలేదు.