మజ్జిగ తాగినందుకు

నేను పుట్టిన కొన్నాళ్లకే మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం ఎర్రగా పగిలి రసి కారడం మొదలైందట. జిన్నింగు మిల్లు ఆడే రోజుల్లో ఎదలో పిల్లికూతలు కూడా. ఆదోనిలో మా ఇల్లు ఆ మిల్లు వెనక సందులోనే. దూది నుసి మా వాకిట్లో పేరుకునేది. అయినా మా జేజి, అంటే నాన్నను కన్నతల్లి, తప్పు నుసిది అనుకోలేదు.

అమ్మది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. నేను కడుపులో ఉన్నప్పుడు ఆమెకు అన్నం సహించేది కాదు, పుల్ల మజ్జిగ ఒక్కటే దిగేది. మజ్జిగ శీతమని, బిడ్డ ఒంట్లోకి నీరు చేరుతుందని జేజి కుండ ముట్టనిచ్చేది కాదు. పక్కింటి ముస్లింల కోడలు జాలిపడి పిట్టగోడ మీదుగా చెంబుతో ఇచ్చేది. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఆమే, ఏమీ ఎరగక, నవ్వుతూ ఆ సంగతి జేజికి చెప్పేసింది.

అప్పట్నుంచి ఇంటికి ఎవరొచ్చినా జేజి నన్ను మధ్యలో నిలబెట్టి గౌను ఎత్తి పుండ్లు చూపించేది. తర్వాత వంటింట్లోంచి అమ్మను పిలిచేది.

"సెప్పు మే, కడుపుతో ఉన్నప్పుడు ఏం తాగితివో."

"మజ్జిగ తాగినాను," అనేది అమ్మ తల వంచుకుని. చిన్నగా చెబితే జేజి ఒప్పుకునేది కాదు, మళ్లీ చెప్పించేది. కౌతాళం నుంచి వచ్చే మేనత్త విన్నది, పాలమ్మే ఆమె విన్నది, గాజులమ్మే ఆమె కూడా విన్నది. నాన్న ఇంట్లో ఉంటే బీడీ ముట్టించుకుని బయటికి పోయేవాడు. కొన్నాళ్లకు నా గౌను నేనే ఎత్తుకుని నిలబడేదాన్ని. జేజి లాగితే పుండుకు అంటుకున్న గుడ్డ చర్మంతో సహా ఊడొచ్చేది.

నేను బడికి పోయే వయసులో అమ్మ మళ్లీ నీళ్లోసుకుంది. ఈసారి జేజి పిట్టగోడ మీద ముళ్లకంప వేయించింది. పెరుగు కుండ తన మంచం కింద పెట్టుకుంది. నెలలు నిండేదాకా అమ్మకు సంగటి, ఊరుబిండి పచ్చడి తప్ప ఇంకేమీ లేదు. తిన్నది వాంతి చేసుకుంటే చీపురు చేతికిచ్చి కడగమనేది.

తమ్ముడు పుట్టాడు. బోర్లా పడే వేళకు వాడి బుగ్గలు రెండూ రసి కారాయి, నాకంటే ఎక్కువగా. నిద్రలో గీరుకోకుండా వాడి చేతులకు గుడ్డలు చుట్టేవాళ్లం.

మేనత్త వాణ్ణి చూడ్డానికి వచ్చింది. జేజి ఎప్పటిలాగే అమ్మను పిలిచింది. అమ్మ ఆ రోజు తల వంచలేదు.

"ఈ తూరి నేనేం తాగలే అత్తా. వీనికెట్లొచ్చిందో నువ్వే సెప్పు."

మేనత్త జేజి వైపు చూసింది. నేనూ చూశాను. జేజి తడుముకోలేదు.

"ముందు తాగిందే ఇంకా కడుపులో ఉండాది. అది పొయ్యేది కాదు."

ఆ మాట నాన్న కూడా విన్నాడు. ఇట్లాంటి పిల్లలు ఇంకొకరు పుడితే తాను సాకలేనన్నాడు. నెల తిరక్కుండా అమ్మను ఆసుపత్రికి తీసుకుపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాడు. అమ్మకు అప్పటికి పాతికేళ్లు నిండలేదు. ఆమెను ఎవరూ అడగలేదు. కబురు తెలిసి ఎమ్మిగనూరు నుంచి అవ్వ, అమ్మను కన్నతల్లి, బస్సు దిగేసరికి కుట్లు వేయడం కూడా అయిపోయింది.

జేజి పోయాక, ఎనభైల చివర్లో నేను కడుపుతో ఉన్నప్పుడు, నా చర్మం చూసి లేడీ డాక్టరు మా ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉండేదా అని అడిగింది. జేజికి ఉండేదన్నాను. చలికాలమంతా ఆమె దిండుకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఇలాంటివి వంశంలో వస్తాయని, మజ్జిగ వల్ల రావని, పెరుగులోని సూక్ష్మజీవులు మంచివేనని డాక్టరు చెప్పింది. ఇప్పుడైతే అలాంటి సూక్ష్మజీవులనే పొట్లాలు కట్టి గర్భిణులకు ఇస్తున్నారు, పిల్లలకు ఇలాంటి చర్మరోగం రాకుండా ఉంటుందేమోనని. ఖాయంగా ఎవరూ చెప్పడం లేదు.

ఆ రోజే డాక్టరు మాటలు అమ్మకు చెప్పాను. బియ్యం ఏరుతున్న ఆమె ఒక రాయి తీసి పక్కన పారేసింది.

"ఇంగ ఆ మాట ఎవురికి సెప్పల్ల?" అంది.

ఆ పూట అన్నం ఆమే వడ్డించింది. కడుపుతో ఉన్న నాకు పెరుగు మాత్రం వేయలేదు. నేనే లేచి వేసుకున్నాను. నేను తింటున్నంతసేపూ ఆమె నా కంచం వైపు చూడలేదు.