నాంపల్లికి చేప మింగడానికి వెళ్ళిన సంగతి

మాత్ర మింగడం చేతకాని మనిషి చేత బతికున్న చేపను మింగించాలన్న ఆలోచన మా ఆవిడ సులోచనకు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. నాకు తెలిసేసరికి టిక్కెట్లు తీయడం, వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేయడం, నా చొక్కాలు ఇస్త్రీకి వేయడం అన్నీ అయిపోయాయి.

మాది తెనాలి. పరుపుల కొట్టు. ఏళ్ళ తరబడి దూది దుమ్ములో కూర్చున్నందుకు ఉబ్బసం పట్టుకుంది. డాక్టరుగారిచ్చిన ఇన్‌హేలర్‌తో నాకు పేచీ లేదు, పీల్చేస్తాను. మాత్రలతోనే వచ్చింది చిక్కు. చిన్నప్పటి నుంచీ నా గొంతు మాత్రను చూడగానే తలుపేసుకుంటుంది. జ్వరం బిళ్ళయినా సరే సులోచన నలిపి, తేనెలో కలిపి, చెంచాతో నోట్లో పెట్టాలి. చుట్టాలెవరైనా చూసి నవ్వితే, "మా ఇంట్ల ఇంకా పాలపండ్లు ఊడని పిల్లగాడున్నడు" అంటుంది. ఆవిడ పుట్టిల్లు హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ. పెళ్ళయి పాతికేళ్ళుగా తెనాలి నీళ్ళు తాగుతున్నా మాట మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.

మృగశిర కార్తె రోజున నాంపల్లిలోని ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసానికి చేప మందు వేస్తారు. కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చటి మందు ముద్ద పెట్టి, దాన్ని ప్రాణంతోనే మన గొంతులోకి వదులుతారు. మాంసం తిననివాళ్ళకు అదే మందు బెల్లంలో పెట్టి ఇస్తారు. నాకు ఆ బెల్లం చాలని చెప్పి చూశాను.

"అది కూరగాయలు తినెటోళ్ళకు" అంది సులోచన. "మొన్న ఆదివారం పులుసుల తలకాయ ఎవరికోసం దాచిపెట్టిన?"

డాక్టరుగారిని అడిగితే ఆయనైనా వద్దంటారనుకున్నాను. ఆయన నవ్వి, వెళ్ళేదుంటే వెళ్ళిరండి, నా మందు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు అన్నారు. ఈ మాట మీలో వెళ్ళబోయేవాళ్ళు కూడా గుర్తుపెట్టుకోండి.

సాయంత్రం తెనాలిలో పాసింజరు ఎక్కి బెజవాడ చేరాం. స్టేషన్ బయట పెరుగన్నం తిని, నాంపల్లి దాకా వెళ్ళే రాత్రి బండి పట్టుకున్నాం. పెట్టెలో సగంమంది దగ్గుతూనే ఉన్నారు, అందరిదీ ఒకటే ప్రయాణం. ఎదురు బెర్తులో బాపట్ల ఆయన, నేనూ అందుకే వెళ్తున్నానని తెలియగానే ఉత్సాహంగా ముందుకు వంగాడు. వాళ్ళ బాబాయికి చేప గొంతులో అడ్డం తిరిగిందట. తర్వాత ఏమైందని అడిగాను.

"ఏమీ కాలేదండి, సర్దుకుంది" అన్నాడాయన. "కాకపోతే అప్పట్నుంచీ ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడతాడు."

ఇది చెప్పి దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోయాడు. నేను పైబెర్తులో గొంతు తడుముకుంటూ పడుకున్నాను. నాంపల్లి దగ్గర పట్టాలు అయిపోతాయి, బండి ఇంక ముందుకు పోవడానికి ఉండదు. తెల్లవారి ప్లాట్‌ఫారం మీద దిగి, ఆ పట్టాల చివర అడ్డంగా ఉన్న దిమ్మను చూశాక, వెనక్కి తిరిగి ఇదే బండిలో కూర్చోవాలని గట్టిగా అనిపించింది. సులోచన అప్పటికే సంచులు రెండూ భుజాన వేసుకుని గేటు దగ్గరుంది.

మా బావమరిది రాజేందర్ స్టేషనుకి వచ్చాడు. ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల టోకు దుకాణంలో లెక్కలు రాస్తాడు. మంచివాడు. కానీ దగ్గరికి వస్తే అతని చొక్కాకి నాకు తుమ్ములు. అందుకని నాలుగడుగుల దూరం నుంచే నమస్కారం పెట్టాడు.

"ఫికర్ జేయకున్రి బావా. చేప గింతనే ఉంటది" అని చిటికెన వేలు చూపించాడు.

ధైర్యం కోసం ఆటోలో మళ్ళీ అడిగితే ఈసారి చూపుడు వేలు చూపించాడు. గన్‌ఫౌండ్రీలో దిగేసరికి అది మధ్య వేలయింది. ఆ తర్వాత అడగడం మానేశాను.

రాజేందర్‌ది స్టేషనరీ దుకాణం మీద రెండు గదుల కిరాయి వాటా. మందు పంచేది మర్నాడు పొద్దున. ఆ రోజుల్లో స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీలు దొరకడం కష్టం, తెలిసినవాళ్ళు లేకపోతే ముందే గది మాట్లాడుకోండి. మాకు రాజేందర్ తన గది ఇచ్చి, తాను మిద్దె మీద పడుకుంటానన్నాడు. చొక్కాలు కూడా మిద్దె మీదికే తీసుకెళ్ళాడు పాపం.

స్నానాలయ్యాక సులోచన నన్ను కూర్చోబెట్టి ఒక చిన్న అరటిపండు ముక్క ఇచ్చి మింగి చూపించమంది. నమిలేశాను. ఇంకో ముక్క ఇచ్చింది. అదీ నమిలేశాను. పళ్ళు వాటంతటవే కదులుతుంటే నేనేం చేయను? ఆమె విసుక్కుని, బావను అట్లా తిప్పుకురమ్మని తమ్ముడికి చెప్పి పంపింది.

ఇద్దరం అబిడ్స్ దాకా నడిచాం. సెలవు రోజు కాకపోయినా బట్టల దుకాణాల ముందు జనం, ఫుట్‌పాత్ మీద చెప్పులవాళ్ళు, బెల్టులవాళ్ళు, మధ్యలో నేను. నన్ను దాటిపోతున్న ఒక్కరికి కూడా రేపు చేప మింగే పని లేదు కదా అని అందరి మీదా అసూయ కలిగింది. ఒక టిఫిన్ హోటల్లో కూర్చున్నాం. రాజేందర్ ఇడ్లీ తెప్పించి, బావా ఇది మెత్తగుంటది, దీంతోటి ప్రాక్టీస్ చేయుమన్నాడు. ఇడ్లీని చేప పిల్లంత ముక్కలుగా తుంచి, సాంబారులో ముంచి, కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చాను. మొదటిది వెనక్కి వచ్చింది. రెండోదానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడోది ఎలాగో జారింది. కళ్ళు తెరిచేసరికి సర్వరు నీళ్ళ గ్లాసు పట్టుకుని నా పక్కన నిలబడి ఉన్నాడు. పక్క బల్ల పెద్దాయన ఎంతో దయగా అడిగాడు.

"పండ్లు గిట్ల పీకించుకున్నరా?"

రాజేందర్ మొహం తిప్పుకుని నవ్వు ఆపుకున్నాడు. ఇడ్లీ కదలదు, చేప కదులుతుంది అని తిరిగొచ్చే దారంతా నాకు ఒకటే గొడవ.

మర్నాడు తెలవారుతూనే ముగ్గురం మైదానానికి నడిచి వెళ్ళాం. అంత పొద్దున్నే అంత జనాన్ని నేనెన్నడూ చూడలేదు. మంచాల మీద మోసుకొచ్చినవాళ్ళున్నారు, మనవల భుజాలు పట్టుకుని నడిచేవాళ్ళున్నారు. కట్టెలు కట్టి వరసలు చేశారు. పోలీసులు, మంచినీళ్ళిచ్చే స్వచ్ఛంద సేవకులు, ఒక పక్క వైద్య శిబిరం. చేప కోసం వేరే కౌంటరు ఉంది, అక్కడ టోకెన్ తీసుకుంటే నీళ్ళు పోసిన ప్లాస్టిక్ సంచిలో చేపను ఇస్తారు. రాజేందర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. చూపుడు వేలంత ఉంది, నల్లగా. సంచిలో గిర్రున తిరిగి నా వైపు మొహం పెట్టి ఆగింది. నాకంటే దానికే ఎక్కువ భయంగా ఉండాలి, కానీ అది నాకంటే బాగా దాచుకుంది.

రోగి వెంట ఒక్కరే లోపలికి రావాలని రాజేందర్‌ను బయటే ఆపేశారు. వరసలో మా ముందు ఖైరతాబాద్‌లో పూలమ్మే ఎల్లమ్మ. అరవై దాటి ఉంటాయి. ఆమె చేతిలోనూ చేప సంచి. ఎన్నోసారి వస్తున్నారని సులోచన అడిగింది.

"గిది మూడోపారి. దగ్గరిదాక వస్త, దాని మొకం చూస్త, ఎనకకు పోత" అంది ఎల్లమ్మ సిగ్గుపడకుండా.

నాకు సొంత అక్క దొరికినట్టయింది. సులోచనకు మాత్రం ఆవిడ పక్కన నన్ను ఉంచడం నచ్చక మధ్యలోకి వచ్చి నిలబడింది.

ఎండెక్కింది. వరస కదలడం ఆగింది. వెనకనుంచి ఒక్కసారిగా తోపులాట వచ్చింది. ఎవరి మోచేయో నా ఛాతీకి తగిలింది, దుమ్ము లేచింది. నాకు ఊపిరి సన్నబడటం తెలుస్తోంది. పీల్చినది సగంలో ఆగుతోంది, వదలడానికి దారి లేదు. ఛాతీలో ఈల మొదలైంది. ఇది నేను నవ్వుకోగల భయం కాదు. చేప, మాత్ర, ఇడ్లీ అన్నీ ఎటో పోయాయి. చొక్కా జేబు తడిమాను. ఇన్‌హేలర్ లేదు. ప్యాంటు జేబుల్లోనూ లేదు. చేతిలో సంచి కిందపడుతుంటే ఎల్లమ్మ పట్టుకుంది.

సులోచన చేతిసంచిలోంచి ఒక ఇన్‌హేలర్ తీసింది. తొందరలో అది చేయిజారి జనం కాళ్ళ కిందికి పోయింది. టిఫిన్ డబ్బా సంచిలోంచి ఇంకొకటి తీసింది. మూత రాలేదు. బల్లిని చీపురుతో కాకుండా చేత్తో పట్టి బయట పారేసే మనిషి, కరెంటు పోతే మెయిను తానే చూసుకునే మనిషి, ప్లాస్టిక్ మూత ఊడదీయలేకపోతోంది. నేనే లాక్కుని, మూత తీసి, పీల్చాను. మళ్ళీ పీల్చాను. ఎవరో దారి ఇప్పించారు. వైద్య శిబిరంలో కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడి డాక్టరమ్మ వీపు మీద స్టెత్ పెట్టి చూసి, ముక్కుకి మందు పొగ పట్టింది. మెల్లగా గాలి లోపలికి వెళ్ళింది.

మాట వచ్చాక, ఇంటికి పోదాం అన్నాను. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను.

"పోదాం" అంది సులోచన.

నిజం చెబుతున్నాను, ఆ రోజు మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ మాటే. పాతికేళ్ళలో ఆమె నా మాటకు అంత తొందరగా ఒప్పుకున్నది లేదు. మొహం చూశాను. కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. ఇన్ని ఇన్‌హేలర్లు ఎందుకు తెచ్చావని అడిగాను.

"రాత్రిపూట మీకు గిట్లనే ఈల వస్తది. మీరు నిద్రల ఉంటరు, మీకు తెల్వదు" అంది నేల వైపు చూస్తూ. "లైటేస్తె లేచి భయపడ్తరని చీకట్లనే కూసుంట. ఊపిరి ఆగితే లేపుదామని చూసుకుంట కూసుంట. ఎవరేం చెప్పినా జేస్తున్నందుకు నవ్వుకోన్రి మీరు."

నేను నవ్వలేదు. ఎన్నాళ్ళుగా అని అడగడానికి కూడా ధైర్యం చాలలేదు. ఆమె పొద్దున్నే కాఫీ తాగుతూ కునికిపాట్లు పడుతుంటే, వయసు మీద పడుతోందోయ్ అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. పక్క కుర్చీలో ఎవరికో మందు పొగ బుసబుసమంటోంది. ఆ చేప పని చేస్తుందో చేయదో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. కానీ దాన్ని నమ్ముకుని ఇంతదూరం వచ్చిన మనిషి నా పక్కనుంది. లేచి నిలబడ్డాను. పద అన్నాను. ఆమె వద్దంది. ఇంకోసారి పద అన్నాను. డాక్టరమ్మను అడిగితే, ఊపిరి సర్దుకుంది, ఇంకాసేపు కూర్చుని చూసి వెళ్ళండి అంది. ఆమె చెప్పినట్టే కూర్చుని వెళ్ళాం.

ఎల్లమ్మ మా జాగా కాపాడుతూ, మేం తనవాళ్ళమైనట్టు వెనకవాళ్ళతో పోట్లాడుతోంది. రెండు సంచుల్లో రెండు చేపలు పట్టుకుని ఉంది. నాది నాకిచ్చింది. కౌంటరు దగ్గరపడింది. ఎల్లమ్మ వంతు వచ్చింది. ఆమె సంచిలోకి తొంగి చూసింది, నా వైపు తిరిగింది.

"మీరు పోన్రి సారూ" అని పక్కకు తప్పుకుంది.

ఇక ఎక్కడికి పోను? కౌంటరులో ఉన్నాయన నా చేపను తీసుకున్నాడు. పసుపు ముద్ద దాని నోట్లో పెట్టడం, నా ముక్కు మూయడం, గడ్డం ఎత్తడం నేను ఊహించుకున్నంతసేపు పట్టలేదు. నాలుక మీద చల్లగా ఏదో జారింది. తోక అంగిలికి కొట్టుకుంది. గొంతులో ఒక్క క్షణం ఉండ కట్టింది, నేను సులోచన మణికట్టు పట్టుకుని నొక్కాను, అంతే, అది దిగిపోయింది. నోరు తెరిచి చూపించమన్నాడాయన. చూపించాను. తర్వాతివాళ్ళు అన్నాడు.

నేను పదడుగులు కూడా వేయకుండా ఆగి, పొట్ట మీద చేయి పెట్టుకుని నిలబడ్డాను. ఈదుతోందేమోనని. కాసేపు నీళ్ళు తాగొద్దన్నారు, నాకు తాగాలని కూడా లేదు. నీళ్ళు తాగితే దానికి సదుపాయమవుతుందేమోనన్న అనుమానం. సులోచన నా మొహంలోకి చూసి ఎట్లుంది అంది. లోపల ఉంది అన్నాను.

గేటు బయట రాజేందర్ పక్కనే ఎల్లమ్మ కనిపించింది. చేతిలో సంచి, సంచిలో చేప, రెండూ క్షేమం. ఏం చేస్తారని అడిగితే, ఇంట్లో బకెట్ ఉంది, పెంచుకుంటానంది. మొహంలో ఎంత హాయి ఉందంటే, ఒక్క నిమిషం నాకు కడుపు మండింది.

మధ్యాహ్నం బండికి తిరుగు ప్రయాణం. రాజేందర్ దారికని పులిహోర కట్టించాడు, కిటికీలోంచి అందించేటప్పుడు కూడా చేయి బాగా చాచి దూరంగానే నిలబడ్డాడు. బండి కదిలాక ఆ ఏటి మొదటి వాన మొదలైంది. ఖాజీపేట దాటాక పక్కసీటు ఆయన విషయం తెలుసుకుని, వచ్చే ఏడు తన భార్యను తీసుకురావాలనుకుంటున్నానని, చాలా భయమేస్తుందా అని అడిగాడు. మీలో వెళ్ళబోయేవాళ్ళకు చెప్పేదే ఆయనకూ చెప్పాను. మీ మందులు మీ దగ్గర పెట్టుకోండి, నీడ కోసం గొడుగు పట్టుకెళ్ళండి, ఖాళీ కడుపుతో ఎండలో నిలబడకండి. భయం మాటకొస్తే, వేస్తుంది. చాలా వేస్తుంది. మింగడానికి ముందు వేసేదే అసలుది. అయిపోయాక వేసేదానికి ఒక రకంగా అలవాటు పడతాం.

ఆయన తలూపాడు. సులోచన కిటికీ వైపు తిరిగి, వాన చూస్తున్నట్టుగా, చిన్న గొంతుతో అంది.

"ఒక్కపారి తింటే కాదంట. మూడేండ్లు వరసగ తినాలంట."

నేను ఆమె వైపు చూశాను. ఈ సంగతి ఆమెకు ఎప్పట్నుంచి తెలుసో అడగలేదు. మొదటే తెలిసి ఉంటుంది. పొట్టలో ఏదో మెదిలినట్టయింది. చేపై ఉండదు, ఈపాటికి.

"సరే గానీ" అన్నాను. "వచ్చే ఏడు రైలెక్కించాక చెప్పకూడదూ? ఇప్పుడు ఏడాదంతా భయపడాలి నేను."

ఆమె పులిహోర పొట్లం విప్పి నా చేతిలో పెట్టి, నమిలి తినమంది.