ఒళ్ళో పెద్ద కార్బురేటర్

ఆ రోజు మలేషియాలోని క్లాంగ్‌లో రైలెక్కేటప్పటికి నా చేతిలో తువ్వాలు చుట్టిన కార్బురేటర్ ఉంది, కారు ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి పంపేది. చిన్నదాని ధరకే పెద్దది బేరమాడి తెచ్చుకున్నాను. మా కొట్లో బేరాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, అదే డబ్బుకి పెద్దది వస్తుంటే చిన్నదెలా తీసుకుంటాను? నా పాత అమెరికన్ కారు సిగ్నల్ పడ్డ ప్రతిచోటా ఆగిపోయి పరువు తీస్తోంది. ఇక ఆ బాధ తీరిందనుకున్నాను.

ఎదురు సీట్లో కూర్చున్న అరవయ్యేళ్ళావిడ నా ఒళ్ళోని తువ్వాలు అంచు పైకెత్తి చూసింది.

"రేసులకెల్తావేటి తమ్ముడూ?"

"లేదక్కా, రోడ్డు మీదే."

"మరింత పెద్దదెందుకు లా?" అంది, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి. "నెమ్మదిగా పోయినప్పుడు దీన్లో గాలి జోరు సాలదు, పెట్రోలు సరిగ్గా కలవదు. సిగ్నల్ కాడ దగ్గుతాది. సిన్నది ఎయ్యి. ఇంజను ఏడెక్కినాక మిక్చర్ స్క్రూ కొంచెం కొంచెం తిప్పి, సాఫీగా తిరిగిన కాడ ఆపెయ్."

నేను నమ్మలేదని కనిపెట్టి ఫోన్లో వీడియో చూపించింది. నా కారులాంటిదే, నాదానికన్నా పాతది. ఇంజను తిరుగుతోంది. దాని పైమూత మీద నిండు గ్లాసు కాఫీ. చుక్క తొణకలేదు.

"నేనే సేసినాను," అంది.

వీడియో మళ్ళీ మొదట్నించీ చూశాను.

"అమ్ముతారా అక్కా?"

"కారా, కాఫీయా?" అని నవ్వుతూ దిగిపోయింది.

మర్నాడే కార్బురేటర్ అమ్మిన కొట్టువాడి వెటకారం భరించి చిన్నదానికి మార్చుకుని, ఆవిడ చెప్పినట్టే స్క్రూ తిప్పాను. ఇప్పుడు కారు ఎక్కడా ఆగదు. నేనూ ఇంజను మీద కాఫీ గ్లాసు పెట్టి అందరికీ చూపిస్తాను. సగం తాగాకే పెడతానని మాత్రం చెప్పను.