ధూళికి మందు

మా మామగారు దాలయ్య అచ్యుతాపురంలో ఒక ఇనుప కర్మాగారంలో క్రేన్ నడిపేవారు. కింద కరిగిన ఇనుము ఎర్రగా కదులుతుంటే, పైన చిన్న గదిలో కూర్చుని చేతులతో లివర్లు పట్టుకుని, కాలితో బ్రేకు తొక్కేవారు. జేబులో ఎప్పుడూ బెల్లం ముక్క ఉండేది. ఇనుప ధూళి గొంతు దిగాలంటే బెల్లం తినాలని అక్కడి పాతవాళ్ల నమ్మకం.

షుగరు ఉందని తేలాక టీలో పంచదార మానేశారు. బెల్లం మానలేదు.

"ఒంట్లోకి వెళ్లాక రెండూ ఒకటే మావయ్యా," అన్నాను. నేను బయోకెమిస్ట్రీ చదివాను.

"పంచదారంటే తీపి. బెల్లం మందు. మీ పుస్తకాల్లో మా ధూళి లేదేటి?"

మా అత్త సన్యాసమ్మ వంటింట్లోంచే అంది: "ఆ పొట్టలో ఉన్నదంతా ధూళేనేటి?"

ఆయన పొట్ట నిమురుకుని నవ్వారు. కూర్చునే పని, షిఫ్టుల నిద్ర, వేళాపాళా లేని తిండి. పొట్టలో పేరుకున్న కొవ్వు వల్ల కణాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. చక్కెర నెత్తురులోనే ఉండిపోయి మెల్లగా నరాలను తినేస్తుంది. ఇదంతా నాకు తెలుసు. మా పాప ధనశ్రీ కూడా బొద్దుగా ఉంటుంది. తాత రోజూ దానికో ముక్క పెట్టేవారు. నేను దాని బుగ్గలు చూస్తూ ఉండిపోయేదాన్ని.

ఒక సాయంత్రం ఆయన బూటు విప్పితే లోపలినుంచి ఇనుప నట్టు జారి పడింది. మడమ కింద చర్మం చీలి, సాక్సు నెత్తురుతో అంటుకుపోయి ఉంది. అది బూటులో ఎప్పుడు పడిందో ఆయనకు తెలియదు.

"బ్రేకు మీద కాలేస్తే తెలుస్తోందా?"

"సెవితో తెలుత్తాది. సప్పుడుని బట్టి తొక్కుతన్నాను." నట్టు చేతిలోకి తీసుకుని అన్నారు: "ఎవరికీ సెప్పకమ్మా. మెడికల్ అయిపోనీ. ఆ కుర్చీ పోతే నానేటి సేత్తాను?"

"ఆ క్రేన్ కిందే మీ నేస్తం అర్జునరావు గారు నిలబడి పని చేస్తారు కదా మావయ్యా."

ఆయన నట్టు జేబులో వేసుకున్నారు.

మెడికల్ పరీక్షకు సీతమ్మధారలోని క్లినిక్‌కి తోడుగా వెళ్లాను. డాక్టరు ఆయన్ని కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారం తీశాడు. పాదానికి తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు.

"తగిలింది," అన్నారు మామగారు. "తగిలింది. ఆఁ, తగిలింది."

దారం ఇంకా గాలిలోనే ఉంది. డాక్టరు నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

మామగారు కళ్లు తెరిచారు. "అన్నీ సెప్పేనా బాబూ?"

"అన్నీ చెప్పారండి," అని డాక్టరు రాసుకున్నాడు.

ఇప్పుడాయన క్రేన్ ఎక్కడం లేదు, కింద పనిముట్ల గదిలో కూర్చుంటున్నారు. మొన్న అర్జునరావు ఇంటికొచ్చి, "బావా, కుర్చీ నీ సైజుకి సాగిపోయింది. కొత్తోడు అందులో జారిపోతన్నాడు," అన్నాడు. అత్త నవ్వింది. మామగారూ నవ్వారు, కొంచెం ఆలస్యంగా.

అతను వెళ్లాక ఆయన అలవాటుగా బెల్లం డబ్బా తీశారు. పాప చెయ్యి చాచింది.

"నీకెక్కడిదే గుంటా ధూళి?" అని మూత పెట్టేశారు. తనూ తినలేదు. డబ్బా ఒళ్లో పెట్టుకుని టీవీ చూస్తూ కూర్చున్నారు. ఆయన పాదం మీద దోమ వాలింది. కడుపు నిండా తాగి, నింపాదిగా ఎగిరిపోయింది.